బయోచార్, యూరియా: అపోహలు – వాస్తవాలు

పత్తి ఏరడం పూర్తయ్యాక కట్టెను చేలోనే తగలబెట్టకుండా డ్రమ్ము బట్టీలో బయోచార్‌గా (గాలి అంతగా తగలకుండా కాల్చిన బొగ్గుగా) మార్చుకోవచ్చు. ఇందుకు అనువైన చిన్న బట్టీని హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) ఏనాడో రూపొందించింది. ఇప్పుడు రైతులు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఆ బొగ్గును పొలంలో వేశాక యూరియా సంగతి ఏమిటన్న దాని చుట్టూనే ఉంటున్నాయి.

అపోహ: బయోచార్ వేస్తే యూరియా మానేయవచ్చు.

వాస్తవం: కట్టెలోని నత్రజనిలో చాలా భాగం కాల్చేటప్పుడే వాయువుగా పోతుంది; మిగిలిన కాస్తా కర్బనంలో బిగుసుకుపోయి వేళ్లకు అందదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది కాబట్టి ఆ లోటును బొగ్గు పూడ్చలేదు. పైగా పచ్చి బయోచార్‌ను నేరుగా వేస్తే, అది నేలలోని అమ్మోనియం రూపపు నత్రజనిని తనలోకి పీల్చుకోవడం వల్లా, అందులో తేలికగా కుళ్లే కొద్దిపాటి కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు నత్రజనిని వాడుకోవడం వల్లా లేత మొక్కజొన్న పాలిపోవచ్చు. అందుకే బొగ్గును ముందుగా మాగిన పశువుల ఎరువులో కలిపి, పశువుల మూత్రంతో తడిపి, రెండు మూడు వారాలు నీడలో ఉంచమంటాను. మొదటి పంటకు సిఫారసు చేసిన నత్రజనిని పూర్తిగా, దఫాలుగా వేయాలి. తగ్గించడమన్నది ఆ తరువాత భూసార పరీక్ష చూసి తేల్చుకోవలసిన విషయం.

అపోహ: రెండూ కలిపి పైన చల్లితే పని సులువు.

వాస్తవం: పని సులువే, నష్టం కూడా అంతే. కట్టె బొగ్గు సాధారణంగా క్షార గుణం కలది. యూరియా కరిగేటప్పుడు గుళిక చుట్టూ క్షారత ఎలాగూ పెరుగుతుంది. అక్కడే బొగ్గు కూడా ఉంటే నత్రజని అమ్మోనియా వాయువుగా గాలిలో కలిసిపోయే అవకాశం ఎక్కువ. బయోచార్‌ను దుక్కిలోనే మట్టిలో కలిపేసి, యూరియాను పదునున్నప్పుడు మొక్క మొదలుకు కాస్త ఎడంగా వేసి మట్టి కప్పాలి. ఇంకొక మాట: బొగ్గు అమ్మోనియం రూపపు నత్రజనిని బాగా పట్టి ఉంచుతుంది గాని, నీటితో కొట్టుకుపోయే నైట్రేటు రూపాన్ని అంతగా ఆపలేదు కనుక, భారీ వానకు ముందు వేసిన యూరియాకు అది కాపలా కాయదు.

అపోహ: ఏ నేలకైనా మేలే.

వాస్తవం: 2017లో వెలువడిన ఒక ప్రపంచ స్థాయి విశ్లేషణలో ఉష్ణమండలంలో దిగుబడి సగటున 25 శాతం పెరగగా, సమశీతోష్ణ ప్రాంతాల్లో సగటున పెరుగుదల కనిపించలేదు. అయితే ఆ లాభం ఎక్కువగా ఆమ్ల గుణం కలిగిన నిస్సారమైన నేలలదే. నీటినీ పోషకాలనూ నిలుపుకోలేని మన ఎర్ర చల్కాలకు ఆశ ఉంది. ఉదజని సూచిక (పీహెచ్) ఇప్పటికే 8 దాటి క్షార గుణం ఉన్న నల్లరేగడికి నేను తొందరపడి సిఫారసు చేయను.

అపోహ: మిల్లు బూడిద, పొయ్యి బొగ్గు, బయోచార్ అన్నీ ఒకటే.

వాస్తవం: బూడిదలో కర్బనం చాలావరకు కాలిపోయి ఉంటుంది. సరిగా కాలిన బయోచార్ విరిస్తే ఫట్‌మని విరుగుతుంది, చేతికంటిన మసి ఒట్టి నీళ్లతోనే పోతుంది. సబ్బు కావలసి వచ్చిందంటే తారు మిగిలిపోయిందన్నమాట, దానిని పొలానికి తేవద్దు.

అపోహ: ఏటా వేయాలి.

వాస్తవం: దానిలోని కర్బనం నేలలో దశాబ్దాల పాటు నిలుస్తుంది. టన్ను ఎండు కట్టెకు పావు టన్ను నుంచి మూడో వంతు దాకానే బొగ్గు వస్తుంది కాబట్టి, ఉన్నదాన్ని చేనంతా పలచగా చల్లకుండా సాళ్లలో వేసుకుంటూ, ఈ ఏడు ఒక మడికి, పై ఏడు పక్క మడికి మార్చుకోవడం మేలు.