పత్రం చదివేదెవరు? 2010 నుంచి నలుగుతున్న సెమినార్ల పంచాయితీ

పరిశోధన పత్రికల ప్రమాణాల కోసం 2018 చివర్లో మొదలుపెట్టిన కేర్ జాబితాను యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఏ పత్రికకి విలువుందో ఇక విద్యాసంస్థలే తేల్చుకోవాలి. పత్రికల సంగతి తేల్చడానికి కూర్చున్నవాళ్ల ముందుకి సెమినార్ల సంగతి రాకుండా ఉండదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తెలుగు అధ్యాపకుల్లోనూ, పరిశోధక విద్యార్థుల్లోనూ పాత తగవు అలా మళ్లీ రాజుకుంది.

తగవు ఇదీ. "భాషాశాస్త్ర సదస్సులకి మనవాళ్లు అబ్‌స్ట్రాక్ట్ (పత్రం సారాంశం) పంపితే తిప్పికొడుతున్నారు. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లకే చోటు. కాబట్టి మన కాలేజీల్లో జరిగే సెమినార్ల సర్టిఫికెట్లకీ అంతే విలువ ఇవ్వాలి" అంటుంది ఒక పక్షం. "అక్కడ చదివి తిప్పికొడుతున్నారు, ఇక్కడ చదవకుండానే ఒప్పుకుంటున్నారు. రెంటికీ ఒకే విలువ ఎలా కడతారు?" అంటుంది రెండో పక్షం.

  అసలు మలుపు 2010లో ఉంది.

ఆ ఏడాది యూజీసీ తెచ్చిన నిబంధనల్లో ఏపీఐ అనే పాయింట్ల పట్టిక వచ్చింది. అధ్యాపకుల నియామకానికీ, పదోన్నతికీ అదే కొలబద్ద. సదస్సులో పత్రం చదివితే అంతర్జాతీయమైతే 10 పాయింట్లు, జాతీయమైతే 7.5, రాష్ట్ర స్థాయి అయితే 5, స్థానికమైతే 3. పత్రాన్ని ముందుగా ఎవరైనా చదివి ఎంపిక చేశారా అన్న గడి ఆ వరసలో లేదు. సదస్సు పేరు ముందున్న విశేషణానికే పాయింట్లు. అప్పటిదాకా 'సాహిత్య సదస్సు' అని బ్యానర్ కట్టినచోట మర్నాటి నుంచి 'అంతర్జాతీయ సదస్సు' అని కట్టడం మొదలైంది. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లలో ఒకరిద్దరు సెలవులకి వచ్చినప్పుడు వేదికెక్కితే సరిపోయేది. 2013 సవరణలో గరిష్ఠ పరిమితులు పెట్టారు గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

పాయింట్ల పని అక్కడితో ఆగలేదు. 2016 పీహెచ్‌డీ నిబంధనలు సిద్ధాంత గ్రంథం సమర్పించేలోపు సమీక్ష జరిగే పత్రికలో ఒక వ్యాసం, సదస్సుల్లో రెండు పత్ర సమర్పణలు తప్పనిసరి చేశాయి. రుజువుగా సర్టిఫికెట్ చాలన్నాయి. అధ్యాపకుల అవసరం అలా విద్యార్థుల అవసరం కూడా అయింది. రెండు సర్టిఫికెట్ల కోసం కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో హైదరాబాదు, మైసూరు పోవడం కంటే పక్క ఊళ్లో ఫీజు కట్టడమే తేలిక. ఆ మాట కాదనలేం. 2018లో పట్టిక మారి విదేశంలో అంతర్జాతీయానికి 7, దేశంలోనే జరిగే అంతర్జాతీయానికి 5, జాతీయానికి 3, రాష్ట్ర లేదా విశ్వవిద్యాలయ స్థాయికి 2 అయ్యాయి. అంకెలు తగ్గాయి, లెక్క తీరు మాత్రం మారలేదు. ఇక 2020 లాక్‌డౌన్‌లో వెబినార్ల వరద. గూగుల్ ఫారం నింపితే మెయిల్‌లోకి సర్టిఫికెట్ వచ్చి పడేది.

ఈ పద్ధతిలో పత్రం ప్రయాణం ఎలా ఉంటుందో చూడండి. బ్రోచర్ వస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ ఒక పేజీ, పూర్తి పత్రం అనూ ఫాంట్లో, దాంతోపాటే రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన రసీదు. రాలేనివాళ్లకి 'ఇన్ అబ్సెన్షియా', అంటే రాకపోయినా పత్రం సమర్పించినట్టు లెక్కేసే సౌకర్యం కూడా ఉంటుంది. సెమినార్ రోజున ప్రారంభ సభ, సన్మానాలు భోజనాల దాకా సాగుతాయి. భోజనాలయ్యాక ఒక్కో గదిలో పదిహేను ఇరవై మంది, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. "టైం లేదమ్మా, ముగింపు చదివెయ్" అంటారు చైర్‌పర్సన్. ఐఎస్‌బీఎన్ ఉన్న సంచిక అప్పటికే అచ్చయి బల్లమీద ఉంటుంది. అంటే ప్రశ్న అడిగినా, తప్పు చూపినా పత్రంలో అక్షరం మారే వీలు లేదు. ఐఎస్‌బీఎన్ పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరే తప్ప నాణ్యతకి ముద్ర కాదన్న సంగతి ఇన్నేళ్లయినా చాలామందికి ఎక్కలేదు.

నిర్వాహకుల వాదనలో బలం లేకపోలేదు. గ్రాంటు రానప్పుడు ఫీజు లేకుండా రెండు రోజుల సెమినార్ నడవదు. మొదటిసారి మైకు ముందు నిలబడే అమ్మాయికి అయిదు నిమిషాలైనా అయిదు నిమిషాలే. స్థానిక రచయితల మీద, ఊళ్ల చరిత్ర మీద వచ్చిన కొన్ని వ్యాసాలు ఆ సంచికల్లో తప్ప ఎక్కడా దొరకవు.

"తిప్పికొడుతున్నారు" అన్న మాట దగ్గరే పేచీ. భాషాశాస్త్ర సదస్సుల్లో ఎంపిక పేరు చూసి జరగదు. దక్షిణాసియా భాషల మీద జరిగే ఇకోసాల్ గానీ, 2011 నుంచి అమెరికాలో జరుగుతున్న ఫాసాల్ గానీ, అలాంటి సదస్సులకి పోయే అబ్‌స్ట్రాక్ట్ మీద రచయిత పేరు, కాలేజీ పేరు ఉండకూడదు. ఇద్దరు ముగ్గురు సమీక్షకులు ఎవరిదో తెలియకుండానే చదివి మార్కులేస్తారు. అబ్‌స్ట్రాక్టులు పంపడానికీ సమీక్షించడానికీ వాడే ఈజీచైర్ సైట్లో అయితే సాధారణంగా మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఉంటుంది స్కేలు. దాంతోపాటు ఆ విషయంలో తమకెంత పట్టుందో సమీక్షకులే 1 నుంచి 5లోపు వేసుకుంటారు. ఫలితంతోపాటు వ్యాఖ్యలూ మెయిల్‌లో వస్తాయి. ఫీజు మాట ఆమోదం వచ్చాకే. ఏ సదస్సు ఏ రకమో తెలియాలంటే ఫీజు ముందా, ఆమోదం ముందా అన్నది చూస్తే చాలు.

మరి మన జిల్లాల నుంచి పోయినవి ఎక్కడ దెబ్బతింటున్నాయి? సాధారణంగా పరిమితి ఒక పేజీ, ఉదాహరణలకీ ఉపయుక్త గ్రంథాలకీ ఇంకో పేజీ. లేదా 500 పదాలు. ఏ4 సైజు, అక్షరం 12 పాయింట్లు, నాలుగు వైపులా అంగుళం అంచు. ఆ ఒక్క పేజీలో సగం "తెలుగు ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది" దగ్గర మొదలై నన్నయ మీదుగా ప్రాచీన హోదా దాకా పోతుంది. సమీక్షకులకి అవన్నీ తెలుసు. వాళ్లకి కావలసింది మొదటి నాలుగు వాక్యాల్లోనే ప్రశ్న, ఆ తర్వాత సామగ్రి, ఆ పైన మీ వాదన, అది నిలిస్తే ఇప్పటిదాకా ఉన్న ఏ అభిప్రాయం మారుతుందో.

నెల్లూరు వైపు వినబడే 'వచ్చుండాడు', 'పోతుండాడు' రూపాలనే తీసుకోండి. "నెల్లూరు మాండలిక విశిష్టత" అని శీర్షిక పెడితే అది తిరిగొస్తుంది. 'వచ్చాడు' అనకుండా 'వచ్చుండాడు' అనే సందర్భమేది? మనిషి ఇంకా ఇక్కడే ఉన్నప్పుడేనా? పక్కన 'నిన్న' చేరిస్తే వాక్యం నిలుస్తుందా? కాదనేటప్పుడు ఈ తేడా మిగులుతుందా, 'రాలా' అనే ఒక్క రూపంలో కలిసిపోతుందా? ఇవి ప్రశ్నలు. ఎంతమందిని, ఏ ఊళ్లో, ఏ వయసువాళ్లని అడిగారో ఒక వాక్యం. రికార్డింగుల్లో సహజంగా దొరికినవెన్నో, అడిగి చెప్పించినవెన్నో ఇంకో వాక్యం. ఉదాహరణలు మూడు వరసల్లో ఉండాలి: పైన మాట ఉచ్చారణ, మధ్యలో ముక్కముక్కకీ వ్యాకరణార్థం, కింద వాక్యార్థం. మధ్య వరస ఎలా రాయాలో చెప్పే లైప్‌జిగ్ నియమాలున్నాయి. పై ముక్కలెన్నో కింది ముక్కలూ అన్నే ఉండాలి, విడదీసే గీతలు కూడా సరిపోవాలి. స్పేస్‌బార్ నొక్కి వరసలు కలిపితే ఫాంటు మారగానే చెదిరిపోతాయి. ట్యాబ్ గానీ గీతలు కనబడని పట్టిక గానీ వాడాలి.

ఊరి పేరు రాయడం ఇక్కడ మరీ ముఖ్యం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఒంగోలులో పుట్టినవారే. 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటిలో ఆయన వ్యవసాయ పదాలు సేకరించి ఇచ్చారు. ఆ కృషి తెలుగు మాండలిక మండలాల గీతలకి ఆధారమైంది. ప్రకాశం జిల్లా అప్పటికి లేదు. 1970లో కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు నుంచి తెచ్చి కలిపారు. 2022 పునర్విభజనలో కందుకూరు మళ్లీ నెల్లూరుకి వెళ్లింది. ఇంత కలగలుపు నేలని పట్టుకుని "ప్రకాశం జిల్లా మాండలికం" అని రాస్తే ఏ ప్రకాశం అని అడగడం సమీక్షకుల తప్పు కాదు.

చిన్న పొరపాట్లు కూడా పెద్ద నష్టం చేస్తున్నాయి. అనూ ఫాంట్లో కొట్టింది ఈజీచైర్ పెట్టెలో అతికిస్తే అవతలివాళ్లకి అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఫాంటు తెలుగు అక్షరాల ఆకారాలని రోమన్ అక్షరాల స్థానాల్లో దాచుకుంటుంది మరి. యూనికోడ్‌లో కొట్టి, ఫాంటు లోపల పొదిగిన పీడీఎఫ్ చేసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూసుకోవాలి. పేజీ మీద పేరు తీసేసినా ఫైలు ప్రాపర్టీస్‌లో మిగిలిపోతుంది. వర్డ్‌లోని ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్‌తో తుడిచాకే పీడీఎఫ్ చేయాలి. "మా గత వ్యాసంలో" అని రాసినా గుట్టు బయటపడినట్టే. కీలక పదాలు కనీసం మూడు, వరసకొకటి చొప్పున ఇవ్వాలి. గడువు పక్కన ఏఓఈ (ఎనీవేర్ ఆన్ ఎర్త్, అంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా ఉన్నంతవరకూ) అని ఉంటే మన లెక్కలో మర్నాడు సాయంత్రం 5:29 దాకా సమయం ఉన్నట్టు. అలా లేకపోతే మన రాత్రే గడువనుకోవడం క్షేమం. ఒకరు సొంతంగా ఒకటి, ఇంకొకరితో కలిసి ఒకటి మించి పంపకూడదన్న నియమం చాలాచోట్ల ఉంది. ఒకే పేరుతో మూడు పంపితే చదవకుండానే పక్కన పెట్టొచ్చు.

ఇవేవీ తెలివితేటలకి సంబంధించినవి కావు, ఎవరో ఒకరు నేర్పితే వచ్చేవి. అబ్‌స్ట్రాక్ట్ ఎవరూ చదవని పద్ధతిలో పదిహేనేళ్లు గడిచాక దాన్ని రాయడం నేర్పే అవసరం గైడ్లకి మాత్రం ఎక్కడ పడింది? చిన్న ఊరివాళ్లని తొక్కేస్తున్నారన్న ఫిర్యాదు నిలవాలంటే పేరు కనపడని సమీక్షలో ఊరెలా తెలిసిందో ముందు చెప్పాలి. ఆ జవాబు ఇప్పటిదాకా రాలేదు.

2020 జనవరిలో ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి నెల్లూరు పక్కన వెంకటాచలానికి వచ్చినప్పుడు రెండు పక్షాలూ సంతోషించాయి. కేంద్రం పని ప్రధానంగా ప్రాచీన వాఙ్మయం, శాసనాలు. ఇవాళ్టి మాండలికాల మీద పనిచేసేవాళ్ల అబ్‌స్ట్రాక్ట్ సమస్యకి అదొక్కటే మందు అనుకోవడం ఆ సంస్థ మీద లేని బరువు మోపడమే.

2022 నవంబర్ నిబంధనల్లో పీహెచ్‌డీకి పత్ర సమర్పణ తప్పనిసరి అన్న మాట పోయింది. అయినా సెమినార్లు తగ్గలేదు, పదోన్నతుల లెక్క ఇంకా ఉంది కాబట్టి. ఇప్పుడు కేర్ కూడా పోయాక రెండో పక్షం అడుగుతున్నది ఒక్కటే: సర్టిఫికెట్‌తోపాటు సమీక్షకుల వ్యాఖ్యల ప్రతి కూడా జతచేయాలని సంస్థలు నియమం పెట్టాలి. అది ఎక్కడి సెమినార్ అయినా సరే, ఫీజు ఎంతైనా సరే. కావలిలో జరిగే సెమినార్‌కీ ఇద్దరు సమీక్షకుల్ని పెట్టుకోవచ్చు. ఖర్చు డబ్బు కాదు, బ్రోచర్ రెండు నెలలు ముందు వేయడం. నిర్వాహకుల నుంచి దీనికి వస్తున్న అభ్యంతరం సమయం చాలదనే. సమీక్ష వద్దని మాత్రం ఇంతవరకూ ఎవరూ బాహాటంగా అనలేదు.