“నా చేతికి కుట్టు రాదు” అనే ముందు ఒకసారి దారం తీసి మళ్లీ ఎక్కించండి

నా దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. ఉద్యోగంలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు, పిల్లలు ఎదిగాక చేతికి కాస్త తీరిక చిక్కినవాళ్లు. బతుకుతెరువు కోసం ఎవరూ రారు. రోజంతా కాగితాలూ స్క్రీన్లూ చూసి, చేత్తో తాకి చూసుకోగలిగేది ఒక్కటైనా తయారుచేయాలని వస్తారు. వచ్చిన వారంలోనే మొదలవుతుంది పాట: “ఈ వయసులో నా చేతికి రాదేమోనండీ.” నాకు చిరాకు వాళ్ల మీద కాదు, చిన్నప్పుడే నేర్చుకోవాలి, ఇప్పుడేం వస్తుంది అని వాళ్ల చెవిలో ఊదినవాళ్ల మీద.

అపోహ: కుట్టు సరిగా పడకపోతే అది చేతి లోపమే.

వాస్తవం: మొదట్లో వచ్చే తిప్పల్లో చాలావాటికి కారణం సూది, లేదంటే దారం ఎక్కించిన తీరు. ఇది తెలియకే చాలామంది మిషన్ మీద గుడ్డ కప్పి మూలకు నెట్టేస్తారు. మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చేయవు.

అన్నిటికంటే ఎక్కువమందిని భయపెట్టేది గుడ్డ కింద దారం గూడు కట్టడం. చిక్కు కింద కనిపిస్తుంది కాబట్టి అందరూ కిందిదారం చుట్టి ఉండే బాబిన్‌ని తిడతారు. బాబిన్ కేస్ స్క్రూ తిప్పేస్తారు, దాంతో ఉన్నది కాస్తా చెడుతుంది. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం పెట్టి కుట్టి చూడండి. కింద గుత్తిగా పోగయ్యేది దాదాపు ఎప్పుడూ ఎర్ర దారమే, అంటే పైదారమే.

ఎందుకంటే, సూది కిందికి దిగి తిరిగి పైకి లేవడం మొదలుపెట్టగానే కన్ను దగ్గర దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కిందున్న హుక్ ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. ఆ తిప్పడానికి వాడిన అదనపు దారాన్ని పైన దారం దూరి ఉండే, పైకీ కిందికీ ఆడే లివర్ వెనక్కి లాగేసుకోవాలి. అలా లాగి కుట్టు బిగించాలంటే పైదారం మీద పట్టు ఉండాలి, ఆ పట్టు టెన్షన్ డిస్కులది, అంటే దారాన్ని మధ్యలో నొక్కి పట్టే బిళ్లలది. గుడ్డను నొక్కి పట్టే ఫుట్ దించి ఉంటే డిస్కులు మూసుకుని ఉంటాయి. అప్పుడు దారం ఎక్కిస్తే అది డిస్కుల మధ్యలోకి వెళ్లదు, పైపైనే జారిపోతుంది. పట్టు లేదు కాబట్టి అదనపు దారమంతా కిందే మిగిలి గూడు కడుతుంది.

అందుకే ఫుట్ పైకెత్తి, సూది, లివర్ బాగా పైకి వచ్చేలా చక్రం మీవైపు తిప్పి, అప్పుడు దారం ఎక్కించండి. ఎక్కించాక ఫుట్ దించి దారం లాగి చూడండి. బిగువు తెలిస్తే డిస్కుల్లో పడినట్టే. ఏ తేడా వచ్చినా మొదట చేయాల్సిన పని ఇదే. ఏ స్క్రూ ముట్టుకోకముందే చేయాలి.

ఒకాయన గుర్తొస్తున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పద్దులు సరిచూసినాయన. మోటారు పోయిందని ఎవరో మెకానిక్ చెప్పాడట, మిషన్ అమ్మేద్దామనే ఆలోచనలో వచ్చారు. ఫుట్ ఎత్తి దారం మళ్లీ ఎక్కించి, నాలుగు వేళ్ల మేర కుట్టి చూపించాను. సంతోషిస్తారనుకుంటే ఆయనకు కోపం వచ్చింది. “ఇంతేనా? దీనికా నేను ఇన్నాళ్లు నిద్ర పాడుచేసుకున్నాను?” ఇప్పుడాయన లైనింగ్ సంచులు కుడుతున్నారు. ప్రతి సంచిలో పెన్నుకొక అర, రసీదులకొక అర. పద్దుల మనిషి ఎక్కడికి పోతాడు!

ఇక సూది. విరిగేదాకా మార్చనివాళ్లే ఎక్కువ. విరగకముందే మొన అరిగిపోతుంది, గుడ్డలో పోగులు లాగుతుంది, కుట్లు వదిలేస్తుంది. సుమారు ఎనిమిది గంటల కుట్టుపనికి ఒక సూది అనుకోండి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు అని అర్థం, 14 అదే సైజుకు పాత పద్ధతి నంబరు. పలుచని వాయిల్‌కు 70/10, మామూలు కాటన్‌కు 80/12, జీన్స్ గుడ్డకు 100/16. టీషర్టు లాంటి సాగే గుడ్డకైతే బాల్‌పాయింట్ సూదే వాడాలి. దాని గుండ్రటి మొన పోగును చీల్చకుండా పక్కకు జరిపి దిగుతుంది. మామూలు సూదితో బనియన్ గుడ్డ కుట్టి, కుట్లు దాటేస్తుంటే “నాకు లయ కుదరట్లేదు” అని బాధపడినవాళ్లను చూశాను. లయ కాదండీ, సూది! బిగించేటప్పుడు పొడవు గాడి ఉన్న వైపు నుంచే దారం లోపలికి పోవాలి. తిరగేసి పెడితే ఎంతటి పనివాడికైనా కుట్టు పడదు.

కుట్టిన గౌను ఒక పక్కకు జారినా, పైజామా కాలు మెలితిరిగినా అదీ చేతి వంకర కాకపోవచ్చు. పడుగు దిశలో, అంటే నిలువు పోగుల వెంట గుడ్డ దాదాపు సాగదు, పేక దిశలో, అంటే అడ్డపోగుల వెంట కొంచెం సాగుతుంది, ఏటవాలుగా 45 డిగ్రీల్లో బాగా సాగుతుంది. గుడ్డ మిగులుతుందని ముక్కల్ని ఎటంటే అటు తిప్పి కత్తిరిస్తే ఒక్కో ముక్క ఒక్కో తీరున వేలాడుతుంది.

వయసు వల్ల ఇబ్బందే లేదని నేననను. చూపు తగ్గుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో మొదలుపెట్టకండి, సూది దగ్గర మంచి దీపం పెట్టుకోండి. అసలు చిక్కు వేరే ఉంది. పెద్దవాళ్లకు అభిరుచి ముందే ఏర్పడి ఉంటుంది. మంచి కుట్టు ఎలా ఉంటుందో కంటికి తెలుసు, చేతికి ఇంకా అందలేదు. ఆ తేడా చూసి కుంగిపోతారు. పైగా మొదటి రోజే చేతిలో నిలవక జారిపోయే శాటిన్ పట్టుకొస్తారు! నేత ఒత్తుగా ఉన్న కాటన్ తీసుకోండి. దానికీ ముందు, పాత సూది పెట్టి, దారం లేకుండా గీతల కాగితం మీద కుట్టండి. గీతలయ్యాక వంపులు, ఆ తర్వాత మూలలు. మూల దగ్గర సూది గుడ్డలో దించి ఉంచి, ఫుట్ ఎత్తి, గుడ్డ తిప్పి, ఫుట్ దించాలి.

ప్యాటర్న్ (కత్తిరింపుకు వాడే కాగితపు నమూనా) చూసి కుడితే సొంత సృజన కాదంటారు కొందరు. ఒకే ప్యాటర్న్ పదిమందికి ఇస్తే పది రకాల చొక్కాలు రావడం నేను చూస్తూనే ఉంటాను. రంగు, జేబు, కాలర్, గుండీ ఎవరిష్టం వాళ్లది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సొంతంగా కుట్టుకుంటే డబ్బు మిగులుతుందా? ఎక్కువగా మిగలదు, ఆ ఆశతో మొదలుపెట్టకండి. ఒంటి కొలత ఎంతో గుడ్డ అంతే కత్తిరించాలా? వద్దు, సాగని గుడ్డ అయితే ఛాతీ దగ్గర కనీసం 5 నుంచి 8 సెంటీమీటర్ల వదులు ఉండాలి, అంచున కుట్టుకోసం వదిలే మార్జిన్ దానికి అదనం. ఇస్త్రీ చివర్లో చేస్తే చాలా? చాలదు, ఒక్కో కుట్టు పడగానే చేయాలి. కాటన్‌ను ముందే తడిపి ఆరబెట్టాలా? కచ్చితంగా, లేకపోతే తొలి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. మిషన్‌కు ఇంట్లో ఉన్న నూనె ఏదైనా వేయొచ్చా? వద్దే వద్దు, గాలి తగిలి జిగురుకట్టి పట్టేస్తుంది, మిషన్ ఆయిలే వాడండి.

మిషన్ లేకుండా మొదలుపెట్టకూడదని ఆగినవాళ్లకు ఒక మాట. చేతి సూదితో, ప్రతి కుట్టుకూ కాస్త వెనక్కి వచ్చి ముందుకు వేసే బఖియా కుట్టు చాలా గట్టిది. కుట్లు చిన్నగా, దగ్గరగా వేస్తే సంచి, దిండు గలీబు, చిన్నపిల్లల జుబ్బా దాంతోనే అయిపోతాయి. దారం మోచేయి పొడవుకు మించకుండా తీసుకోండి, పొడుగైతే ముడిపడుతుంది.