ఎండ చూసి గోడ కట్టండి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఈ వేసవి సెలవుల్లో మీరంతా కలిసి చిన్న సినిమా తీయబోతున్నారనీ, దాని కోసం కళ్లంలో పాతకాలపు పెంకుటింటి ముందుభాగం కట్టాలనుకుంటున్నారనీ మీ ఉత్తరం వల్ల తెలిసింది. చేతిలో మూడు వేల రూపాయలే ఉన్నాయని, ముందు ఏ రంగు కొనాలో చెప్పమని అడిగారు. రంగు సంగతి చివర చూద్దాం. ఆరుబయట సెట్టుకు వెలుగు పెట్టేవాడు సూర్యుడే కనుక, మీ గోడ ఎటువైపు చూడాలో తేలేదాకా ఒక్క గుంజ కూడా పాతవద్దు.

1893లో అమెరికాలోని న్యూజెర్సీలో ఎడిసన్ సంస్థ కట్టిన సినిమా షెడ్డుకు పైకప్పు తెరుచుకునేది. ఆ షెడ్డు మొత్తం గుండ్రటి పట్టా మీద తిరిగేది కూడా. ఎండ ఎటు జరిగితే దాన్ని అటు తిప్పుకొనేవారు. మీ ఇల్లు తిరగదు కాబట్టి ఒక రోజంతా కళ్లంలో కూర్చొని గంటగంటకూ నీడ ఎక్కడిదాకా వచ్చిందో నేల మీద ముగ్గుతో గీత గీయండి. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలిపిన కర్రకు నీడే పడదు. ఆ వేళ మనిషి ముఖం చూస్తే కనుబొమల కింద రెండు నల్లటి గుంటలు తప్ప కళ్లు కనిపించవు. అందుకే గోడను తూర్పుముఖంగా కట్టమంటాను. పొద్దున తొమ్మిదిలోపు ముఖాల మీద నేరుగా చక్కటి వెలుగు పడుతుంది; మధ్యాహ్నం దాటాక గోడ నీడే అరుగును కప్పుతుంది కనుక అక్కడ కూర్చొని మాట్లాడుకునే సన్నివేశాలు అప్పుడు తీసుకోవచ్చు. పది దాటాక మాత్రం ఎండ గోడను రాసుకుంటూ పైనుంచి దిగుతుంది, దాంతో మీరు దాచాలనుకున్న ముడతలూ అతుకులూ అన్నీ బయటపడతాయి. ఆ వేళలోనే తీయక తప్పకపోతే అరుగు పైన తెల్లటి పాత పంచె ఒకటి చాచి కట్టండి. సత్యజిత్ రాయ్ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర 1956 నాటి ‘అపరాజితో’లో వారణాసి ఇంటి ముంగిలిని స్టూడియోలో కట్టినప్పుడు, పైన తెల్లగుడ్డ పరిచి, దీపాల వెలుగును దాని మీదికి కొట్టించి మెత్తబరిచాడు. మీకు ఆ దీపాల ఖర్చు కూడా లేదు.

ఇక ఎంత కట్టాలి అన్నది కెమెరాను అడగండి. మామూలు ఫోనును అడ్డంగా పట్టుకొని పది అడుగుల దూరంలో నిలబడితే సుమారు 12 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. మీ ఫోనుతోనే ఒకసారి కొలిచి చూసుకోండి. ఆ మేరకు ఒక్క గోడ, ఒక తలుపు, ఒక కిటికీ, అరుగు ఉంటే చాలు. కనిపించని పక్కగోడ కోసం పెట్టే ప్రతి రూపాయీ దండగే.

12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న గోడ గాలికి తెరచాపతో సమానం. గంటకు 36 కిలోమీటర్ల గాలి వీస్తే దాని మీద సుమారు 60 కిలోల బలం పడుతుంది. మీ వయసులో మేమూ నాటకం కోసం ఇలాంటి గోడే ఒకటి నిలబెట్టి, ఊతకర్రలు కనిపిస్తే బాగుండదని నేనే పట్టుబట్టి తీయించేశాను. సాయంత్రం ఈదురుగాలికి అది మా హార్మోనియం మీద పడింది. కాబట్టి సరుగుడు గుంజలను రెండడుగుల లోతున పాతి, ప్రతి గుంజకూ వెనకవైపు ఏటవాలుగా ఊతకర్ర పెట్టి, దాని మొదట్లో ఇసుక బస్తా వేయండి. రాత్రి దాని కింద ఎవరూ పడుకోవద్దు. కళ్లం సొంతదారుడి అనుమతి, కరెంటు తీగలకు దూరం, ఈ రెండూ మీకు తెలిసినవే.

గుంజలకు తడకలు కట్టి, వాటి మీద మైదా జిగురూ ఎర్రమట్టీ కలిపిన పలచటి బురదలో ముంచిన పాత గోనెపట్టాలు పరిచి, అరచేత్తో అద్దండి. సినిమా పోస్టర్లను ఆవులు ఎందుకు నములుతాయో మీరు చూసే ఉంటారు. మైదా వేసిన గోడకు రాత్రి కాపలా ఉండాలి. ఆరాక సున్నం వేయండి. తడిగా ఉన్నప్పుడు సున్నం పలచగా కనిపిస్తుంది, ఆరితేనే తెల్లబడుతుంది కనుక తొందరపడి మరో పూత వేయకండి. అయినా మరీ తెల్లగోడ ఎండలో మెరిసి ముఖాలను నల్లబరుస్తుంది కాబట్టి సున్నంలో కాస్త జాజు, కాస్త జల్లించిన బూడిద కలపండి.

పాత ఇల్లు అనిపించాలంటే మరకలు కావాలి, కానీ మరక ఎక్కడ పడుతుందో తెలియాలి. కిటికీ కింది మూలల నుంచి వాన నీరు కారుతుంది, అక్కడి నుంచి టీ డికాషన్ ధారగా వదలండి. నేల నుంచి జానెడు ఎత్తుదాకా బురద చిందుతుంది. గొళ్లెం చుట్టూ చేతి జిడ్డు పట్టి ఉంటుంది, అక్కడ నూనె చేత్తో రుద్దండి. నీడలు మాత్రం రంగుతో గీయకండి. 1885లో కడప ప్రాంతంలో మొదలైన సురభి నాటకాల పరదాలు చూస్తూ పెరిగినవాణ్ణి. రంగస్థలం మీద దీపం మన చేతిలో ఉంటుంది కనుక గీసిన నీడ అక్కడ చెల్లుతుంది. ఆరుబయట సూర్యుడి నీడ ఒకవైపు, మీరు గీసిన నీడ ఇంకోవైపు పడి గుట్టు రట్టవుతుంది.

షూటింగు అయ్యాక గుంజలు పీకిన గుంతలను ఆ రోజే పూడ్చండి, పొద్దున్నే గేదెలు ఆ దారినే వస్తాయి. కళ్లం కొలతలూ నీడ గీతల బొమ్మా రాసి పంపితే తలుపు ఎక్కడ పెట్టాలో గీసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య