ప్రాటర్‌కు గేటెందుకు లేదు

వియన్నాకు పిల్లలతో వెళ్లేవాళ్లు ప్రాటర్ పార్కు గురించి ముందుగా అడిగేది టికెట్ సంగతే. మనిషికి ఎంత, పిల్లలకు సగమా, రోజంతా అన్ని ఆటలూ ఎక్కే పాస్ ఏదైనా ఉందా అని. ప్రాటర్‌లోకి వెళ్లడానికి టికెట్ లేదు. అసలు గేటే లేదు. ప్రాటర్‌స్టెర్న్ స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే పార్కులో ఉన్నట్టే. లోపల మాత్రం ఏ ఆటకు ఆ ఆటే. ఒక్కోదానికి ఒక యజమాని, ఒక కౌంటరు, ఒక ధర. మొత్తం కలిపి 250 దాకా వినోదాలు, తినుబండారాల దుకాణాలు ఉన్నాయి. వాటన్నిటికీ చెల్లే ఒకే టికెట్ మాత్రం లేదు.

ఇది నిర్వాహకుల అలసత్వం అనుకునేవాళ్లున్నారు. కాదు. దీని వెనక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అది తెలిసి వెళ్తే ఖర్చు చేతిలో ఉంటుంది, పిల్లలూ అలిసిపోరు.

ఒకప్పుడు డాన్యూబ్ నది పాయలు పాయలుగా పారుతూ వరదలకు ముంచెత్తిన లంక నేల ఇది. ప్రాటర్ పేరు 1162 నాటి పత్రంలోనే కనిపిస్తుంది. 16వ శతాబ్దిలో ఆస్ట్రియాను ఏలిన హాప్స్‌బర్గ్ రాజులు దీన్ని తమ వేట అడవిగా చేసుకున్నారు. ఫెర్డినాండ్ 1 కాలంలో, 1538లో, అడవిని చీల్చుకుంటూ నిటారుగా ఒక బాట వేశారు. ఇవాళ్టికీ ప్రాటర్‌కు వెన్నెముక ఆ బాటే. దాని పేరు హౌప్ట్‌ఆలే, పొడవు 4.4 కిలోమీటర్లు, ఇరువైపులా హార్స్ చెస్ట్‌నట్ చెట్లు. ఆ తర్వాత మాక్సిమిలియన్ 2 చుట్టుపక్కల నేల సంపాదించి కంచె వేయించాడు. అప్పటినుంచి లోపలికి రాజకుటుంబం, వేటగాళ్లు, తర్వాతి కాలంలో బళ్లలో షికారుకొచ్చే ప్రభువంశాలు తప్ప మామూలు జనానికి దారి లేదు.

ఆ దారి తెరిచింది జోసెఫ్ 2. 1766 ఏప్రిల్‌లో వెలువడిన ప్రకటన చిన్నదే గానీ చాలా వివరంగా ఉంటుంది. ఎవరైనా ప్రాటర్‌లో స్వేచ్ఛగా నడవొచ్చు, గుర్రమెక్కి తిరగొచ్చు, బండిలో రావచ్చు. హౌప్ట్‌ఆలేలోనే కాదు, పక్కదారుల్లోనూ పచ్చికబయళ్లలోనూ తిరగొచ్చు. మరీ మారుమూల చోట్లూ దట్టమైన అడవీ మాత్రం వద్దు, అక్కడ అల్లరి పనులు జరిగే ప్రమాదముంది. బంతాటలు, దొర్లుడు బంతితో పిన్నులు పడగొట్టే ఆట, అనుమతి ఉన్న ఇతర వినోదాలు ఎవరిష్టం వాళ్లది. అనుమతి ఉన్న వినోదాలన్న ఆ ఒక్క మాటలోనే తర్వాతి చరిత్రంతా ఉంది. రాజు పార్కు కట్టలేదు, నడపలేదు, టికెట్ పెట్టలేదు. నేల తన చేతిలోనే ఉంచుకుని, జనాన్ని రానిచ్చి, వినోదం చూపే పనిని అనుమతి పట్టా పొందిన వాళ్లకు వదిలేశాడు.

జనం వచ్చారు. వాళ్ల వెనకే కాఫీ కాచేవాళ్లు, సారాయి అమ్మేవాళ్లు, తోలుబొమ్మల వాళ్లు, ఊయలల వాళ్లు, రంగులరాట్నాల వాళ్లు వచ్చారు. ఊరికి దగ్గరగా ఉన్న అంచునే గుడిసెలు వేసుకున్నారు, ఎందుకంటే అక్కడే జనం ఎక్కువ. వుర్స్టెల్‌ప్రాటర్ అని పిలిచే ఆటల ప్రాంతం ఇప్పటికీ అక్కడే ఉంది. 1770లలో ష్టువర్ కుటుంబం బాణసంచా ప్రదర్శనలు మొదలుపెట్టింది. 19వ శతాబ్దిలో బసిలియో కలఫాటి అనే గారడీవాడు రంగులరాట్నం పట్టా సంపాదించి, దాని నడుమ దాదాపు 9 మీటర్ల చైనా వేషపు బొమ్మను నిలబెట్టాడు. బొమ్మతో పాటు రాట్నం తిరుగుతుంటే చూడ్డానికే జనం గుమిగూడేవారు. ఒక పట్టా, ఒక కుటుంబం, ఒక ఆట. ఈ పద్ధతి మారలేదు.

మార్చే ప్రయత్నం ఒకసారి గట్టిగానే జరిగింది. 1873లో వియన్నాలో ప్రపంచ ప్రదర్శన పెట్టాలని నిర్ణయించి, దానికి ప్రాటర్‌నే ఎంచుకున్నారు. 108 మీటర్ల వ్యాసంతో, ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన గుమ్మటంతో రొటుండా అనే భవనం లేపారు. విదేశీ అతిథులకు గుడిసెలు కనిపిస్తే పరువు తక్కువని పాత ఆటల వీధిని కూల్చి, దారులు సరిచేసి, ప్రాంతానికి ఫోక్స్‌ప్రాటర్ అని కొత్త పేరు పెట్టారు. ప్రదర్శన మే 1న మొదలైతే, మే 9న స్టాక్ మార్కెట్ కూలింది. ఆ వేసవిలోనే కలరా వచ్చింది. రొటుండా 1937లో కాలిపోయింది. కొత్త పేరు జనం నోట నిలవలేదు. దారులైతే తీరుగా మారాయి గానీ ఆ దారుల పక్కన మళ్లీ పాత పట్టాదారులే చేరారు. పార్కు మొత్తం ఒకరి చేతిలోకి రావడానికి వచ్చిన మంచి అవకాశం అదే. అది అలా జారిపోయింది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌తో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అక్కడి టివోలి అనే వినోద తోటను 1843లో జార్జ్ కార్స్టెన్‌సెన్ నడుం కట్టి ఒక సంస్థగా పెట్టింది. మొదటినుంచీ ప్రహరీ ఉంది, గేటు ఉంది, ప్రవేశ రుసుము ఉంది. అదే ఊరికి ఉత్తరాన ఉన్న బాకెన్ అనే వినోద పార్కు రాజుల జింకల అడవిలో ఉంది. ఆ అడవిని ఫ్రెడరిక్ 5 జనానికి 1756లో తెరిచాడు. బాకెన్‌కు ఇవాళ్టికీ ప్రవేశ రుసుము లేదు. అంటే తేడా దేశంలో లేదు, పుట్టుకలో ఉంది. కంపెనీ కట్టుకున్న తోటకు గేటు ఉంటుంది, రాజు వదిలిన అడవికి ఉండదు. ప్రాటర్ రెండో రకం.

ప్రాటర్ గుర్తుగా అందరూ చెప్పే రీజెన్‌రాడ్ అనే జయింట్ వీల్ కూడా ఒక విడి వ్యాపారమే. షికాగోలో 1893లో ఫెరిస్ కట్టిన చక్రం చూసి, బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన వాల్టర్ బాసెట్ లండన్, బ్లాక్‌పూల్, వియన్నా, పారిస్ నగరాల్లో నాలుగు చక్రాలు లేపాడు. వియన్నాలో నాటకశాలల నిర్వాహకుడు గాబర్ ష్టైనర్ అప్పటికే ప్రాటర్ అంచున కాలువలు తవ్వించి, వెనిస్ నగరం నమూనాగా ఒక వినోద నగరం కట్టి నడుపుతున్నాడు. చక్రానికి చోటు అక్కడే దొరికింది. 1897 వేసవిలో అది తిరగడం మొదలైంది. బాసెట్ కట్టిన మిగతా మూడూ పాత ఇనుముగా పోయాయి. దీన్నీ విప్పేయడానికి 1916లో అనుమతి వచ్చింది, విప్పడానికి డబ్బు లేక ఆగింది. తర్వాత కొన్న ఎడువార్డ్ ష్టైనర్ యూదుడు. 1938లో నాజీలు చక్రాన్ని ఆయన దగ్గర లాక్కున్నారు. 1944లో ఆయన్ను ఆష్విట్జ్‌లో చంపారు. ప్రాటర్‌లో ఇలా ఆస్తి పోగొట్టుకున్న యూదు కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఒక్కో ఆట ఒక్కో కుటుంబానిదన్న పద్ధతి వల్ల, దోచుకోవడం కూడా ఒక్కో కుటుంబం దగ్గరే జరిగింది. ప్రాటర్ చరిత్ర చెప్పేవాళ్లు దీన్ని దాటేయకూడదు. 1890లలో పశ్చిమాఫ్రికా నుంచి అషాంతీ మనుషుల్ని తెచ్చి ఇక్కడి జంతుశాలలో ఊరు కట్టి బొమ్మల్లా చూపించిన సంగతినీ దాటేయకూడదు.

యుద్ధం చివర్లో చక్రం పెట్టెలు కాలిపోయాయి, ఆటల వీధి దాదాపు బూడిదైంది. అప్పుడు పార్కును తిరిగి కట్టింది ఏ ఒక్క సంస్థో కాదు, ఎవరి ఆటను వాళ్లే మళ్లీ నిలబెట్టుకున్నారు. చక్రం 1947లో మళ్లీ తిరిగింది. మొదట 30 పెట్టెలుండేవి. దెబ్బతిన్న చట్రం అంత బరువు మోస్తుందో లేదోనన్న అనుమానంతో సగమే, అంటే 15 తగిలించారు. అందుకే ఇప్పుడు పెట్టెల మీద సరిసంఖ్యలే కనిపిస్తాయి, బేసి సంఖ్యలవి తిరిగి రాలేదు. దగ్గరికెళ్లి తల ఎత్తి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. చక్రానికి ఆకులుగా ఉన్నవి ఇనుప కమ్మీలు కావు, బిగించి కట్టిన 120 ఉక్కు తాళ్లు. చక్రం వ్యాసం దాదాపు 61 మీటర్లు, అత్యంత ఎత్తైన చోటు 64.75 మీటర్లు, అంచు వేగం సెకనుకు 0.75 మీటరు. ఆ లెక్కన ఆగకుండా తిరిగితే ఒక చుట్టుకు నాలుగుంపావు నిమిషాలు చాలు. కానీ ఒక్కో పెట్టె దగ్గర ఆగి మనుషుల్ని దించి ఎక్కిస్తారు కాబట్టి రద్దీని బట్టి పది నుంచి ఇరవై నిమిషాలు పైనే ఉంటారు. మూసిన పెట్టె, కిటికీలు, నెమ్మది నడక. ఎత్తంటే భయపడే పెద్దవాళ్లు కూడా ఎక్కగలిగిన ఆట ఇదొక్కటేనేమో.

ఇప్పుడు నేల వియన్నా నగరానిది. ఆటలు చాలావరకు తరతరాలుగా అదే పనిలో ఉన్న కుటుంబాలవి. ఒకే టికెట్ పెట్టాలంటే ముందు తేలాల్సింది వాటాల లెక్క. రెండు నిమిషాలు తిరిగే చిన్నపిల్లల రాట్నానికి ఎంత, 100 మీటర్లు దాటిన గొలుసు ఊయల స్తంభానికి ఎంత? రోజు పాస్ ఉంటే జనం పెద్ద ఆటల దగ్గరే వరుస కడతారు, చిన్న ఆటల వాళ్లకు నష్టం. గేటు పెడితే రోజూ ఈ దారిన నడిచే, పరుగెత్తే, సైకిల్ తొక్కే వియన్నావాసులకు దారి మూసినట్టవుతుంది. నా ఉద్దేశంలో గేటు లేకపోవడమే ప్రాటర్ గొప్పదనం. ఆటలు ఎక్కకుండా తాతయ్య, నానమ్మ ఉచితంగా మనవల వెంట తిరగగలిగే పెద్ద వినోద పార్కులు ఐరోపాలో ఎన్నో లేవు. చక్రం, లిలిపుట్‌బాన్ అనే బుల్లి రైలు వంటివి కలిపి ఇచ్చే జంట టికెట్లు ఉంటాయి, అవి ఆ రెండిటికే చెల్లుతాయి.

ఈ పద్ధతికి తగ్గట్టు వెళ్లేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తిరనాళ్లలో లాగే ఇక్కడ కూడా డబ్బు చిల్లరగా కరిగిపోతుంది. కాబట్టి ముందే ఒక్కో పిల్లకు ఇన్ని ఆటలని సంఖ్య తేల్చుకోండి. మొదటి కౌంటరు దగ్గరే టికెట్ కొనకుండా ఒకసారి చుట్టూ తిరిగి రండి. ఒకేలాంటి ఆట ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర వేర్వేరు ధరలకు ఉంటుంది. ఎత్తు, వయసు నిబంధనలు ఆట ఆటకూ మారతాయి. టికెట్ కొన్నాక పిల్లాణ్ని ఎక్కించుకోకపోతే వాడి ఏడుపు ఆపలేరు, అందుకని బోర్డు ముందే చదవాలి. అన్ని కౌంటర్లలో కార్డు తీసుకుంటారని నమ్ముకోకుండా కొంత నగదు ఉంచుకోవడం మేలు. గాలి ఎక్కువైతే ఎత్తు ఆటలు ఆపేస్తారు, కాబట్టి వాతావరణం బాగుంటే వాటిని ముందు ముగించాలి. గేటు లేని పార్కులో తప్పిపోయిన పిల్లలు నేరుగా రోడ్డు మీదికో అడవిలోకో వెళ్లగలరు. లోపలికి అడుగుపెట్టగానే కలిసే చోటు చూపించాలి. చక్రం అన్ని వైపుల నుంచీ కనబడుతుంది గానీ దాని కింద జనం ఎక్కువ. 1945లో పోయిన కలఫాటి బొమ్మ స్థానంలో తర్వాత పెట్టిన కొత్త బొమ్మ దగ్గర కలుసుకోవడం సులువు.

సీజన్ మార్చి 15 నుంచి అక్టోబరు 31 వరకు. మిగతా నెలల్లో చక్రంతో పాటు కొన్నే నడుస్తాయి. మే 1న రద్దీ విపరీతం. తిండి దగ్గర ఒక మాట. ప్రాటర్‌లో పేరున్న ష్వైట్సర్‌హౌస్‌లో ప్రత్యేకత కాల్చిన పంది కాలు. శాకాహారులకు నూనెలో వేయించి వెల్లుల్లి రాసిన లాంగోష్ రొట్టె, బంగాళాదుంప అట్లు చాలా దుకాణాల్లో దొరుకుతాయి.

ఆటల వీధి చూసి వెనుదిరిగితే ప్రాటర్‌లో చిన్న మూలే చూసినట్టు. మిగతా పచ్చటి ప్రాటర్ దాదాపు 6 చదరపు కిలోమీటర్లు. అది కూడా తరిగిపోతూనే వచ్చింది. గుర్రప్పందేల మైదానాలు, 1931లో స్టేడియం, తర్వాత ప్రదర్శనశాలలు, అడవిని అడ్డంగా కోసుకుంటూ వంతెనల మీద సాగే ఏ23 రహదారి. ప్రతిదానికీ అప్పటికి ఒక కారణం ఉంది. కానీ ఒకసారి పోయిన చెట్లు తిరిగి రాలేదు. ఆటలకు గేటు ఉండాలా వద్దా అన్న వాదన కన్నా ఈ నేల ఎంత మిగలాలన్నది నిజానికి పెద్ద సమస్య.

మిగిలినదాన్ని చూడ్డానికి పిల్లలతో సులువైన దారి లిలిపుట్‌బాన్. 381 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద 1928 నుంచి నడుస్తున్న ఈ బుల్లి రైలు చక్రం పక్కన బయల్దేరి దాదాపు 4 కిలోమీటర్లు చెట్ల మధ్య తిరిగి వస్తుంది. స్టేడియం దగ్గర దిగి, హౌప్ట్‌ఆలే వెంట నడుచుకుంటూ వెనక్కి రావచ్చు. దారిలో జెసూయిటెన్‌వీసె అనే పెద్ద పచ్చికబయలు, పక్కనే ఆటస్థలం ఉన్నాయి, అక్కడి జారుడుబల్లలకు డబ్బు లేదు. 2019 అక్టోబరు 12న ఎలియుడ్ కిప్చోగె మారథాన్ దూరాన్ని రెండు గంటల లోపు, 1:59:40లో పరుగెత్తింది ఈ బాట మీదే. దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు గానీ, బాట అంత చదునుగా, అంత తిన్నగా ఉంటుందని అర్థమవుతుంది. పెద్ద పిల్లలుంటే మొదట బస్సు 77ఏ ఎక్కి చివరనున్న లుస్ట్‌హౌస్ అనే పాత వేట విడిది దాకా వెళ్లి, అక్కడినుంచి 4.4 కిలోమీటర్లు నడిచి చక్రం దగ్గరికి చేరడం మేలు. ఆటలు చివర్లో వస్తాయి కాబట్టి నడకకు పిల్లలు పేచీ పెట్టరు.