మొక్కలున్న ఉప్పునీటి అక్వేరియంలో ఐప్టేసియా: అపోహలు - వాస్తవాలు

సముద్రపు నాచులు, సముద్రగడ్డి పెంచే అక్వేరియంలో ఐప్టేసియా (రాళ్లకు అంటుకుని కలుపులా వ్యాపించే చిన్న ఎనిమోన్, పువ్వులా కనిపించే సముద్ర జీవి) కనిపించగానే చాలామంది ఎవరో చెప్పిన మందల్లా వేసి చూస్తారు. ఎనిమోన్ చావకముందే మొక్కలు చస్తాయి. ఈ ట్యాంకుల పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కనిపించిన వెంటనే గీకి పారేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: ఐప్టేసియా తన పాదం అంచు నుంచి చిన్న ముక్కలను రాతి మీద వదులుతుంది, ఆ ముక్కల నుంచి కొత్త ఎనిమోన్లు ఎదుగుతాయి. బ్లేడుతో గీకితే ఆ పనిని మనమే చేసిపెట్టినట్లవుతుంది. ఒకసారి హాలిమెడా అనే నాచు మొదట్లో అగ్గిపుల్ల తలంత ఉన్న గోధుమరంగు పిల్లను పట్టకారుతో లాగబోయాను. అది క్షణంలో ముడుచుకుపోయి, దంశకణాలతో నిండిన సన్నటి తెల్ల దారాలను ఒంట్లోంచి బయటికి వదిలింది. పైభాగం తెగి పట్టకారుకు వచ్చింది, పాదం మాత్రం అక్కడే మిగిలిపోయింది. మూడు వారాలకు అదే చోట ఐదు లేచాయి.

ఎనిమోన్ ఆకు మీద ఉంటే ఆకుతో సహా నీటి నుంచి తీసేయడం మేలు. కాలెర్పా అనే తీగలా పాకే నాచు విషయంలో మాత్రం నిదానం అవసరం. ఎంత పొడవు పాకినా ఆ మొక్క అంతా ఒకే కణం కాబట్టి పది చోట్ల తుంచకుండా, ఆ తీగను మొదలంటా తీయాలి.

అపోహ: లైట్లు ఆపేసినా, నీటిలోని నైట్రేటు అనే పోషకాన్ని సున్నాకు తెచ్చినా అది ఆకలితో చస్తుంది.

వాస్తవం: ఐప్టేసియా ఒంట్లోని శైవలాలు వెలుతురుతో దానికి ఆహారం తయారుచేస్తాయన్నది నిజమే. కానీ ఆ శైవలాలు లేకుండా తెల్లబడిన ఐప్టేసియాలను పరిశోధనశాలల్లో, మన కోస్తా రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా (రొయ్య జాతి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలనే మేతగా వేసి, చీకట్లోనూ బతికిస్తున్నారు. చీకటికీ, నైట్రేటు కొరతకూ ముందు బలయ్యేది మొక్కలే. అవి కుళ్లితే నీరు పాడవుతుంది. చేపలకు వేసే మేత రాళ్ల సందుల్లో మిగలకుండా చూడటమే అసలైన కట్టడి.

అపోహ: రాగి మందు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: రాగి నాచులను కూడా చంపుతుంది, రొయ్యలనూ నత్తలనూ మిగల్చదు. మొక్కల ట్యాంకులో దాని ఊసే వద్దు.

అపోహ: సున్నం ముద్ద ఎప్పుడు పెట్టినా ఒకటే.

వాస్తవం: రాతి మీది ఎనిమోన్‌కు ఇది మంచి పద్ధతే. కాల్షియం హైడ్రాక్సైడును ఆర్ఓ నీటిలో టూత్‌పేస్టులా చిక్కగా కలిపి, పంపులన్నీ ఆపి, సిరంజితో నెమ్మదిగా దాని నోటి మీద పెట్టాలి. తాంబూలపు సున్నమూ మూలంలో ఇదే పదార్థం, కానీ అందులో ఇంకేం కలిపారో చెప్పలేం కనుక వాడవద్దు. మొక్కలు పగలంతా కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడం వల్ల ట్యాంకు పీహెచ్ సాయంత్రానికి గరిష్ఠానికి చేరుతుంది. సున్నం దాన్ని మరింత పెంచుతుంది. అందుకే నేను ఉదయం లైట్లు వెలిగే వేళలో, రోజుకు మూడు నాలుగింటికి మించకుండా పెడతాను. ముద్ద ఆకుల మీద పడకూడదు, పడితే కాలిపోతాయి.

అపోహ: ఐప్టేసియాను తినే జీవులన్నింటినీ ఒకేసారి వదిలితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: బెర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్ ఐప్టేసియాను తప్ప మరొకటి తినదు, మొక్కల జోలికి అసలే పోదు. అందుకే మొక్కల ట్యాంకుకు ఇంతకన్నా నమ్మకమైన సాయం నాకు కనిపించలేదు. కానీ పెప్పర్‌మింట్ రొయ్య ఆ స్లగ్గులను తినేస్తుంది కాబట్టి రెండింటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. బెర్గియా రాత్రిపూట తిరుగుతుంది, పగలు రాళ్ల కింద దాక్కుంటుంది. వారం గడిచినా కనిపించలేదని దిగులుపడవద్దు. రాతి మీద చుట్టలు చుట్టిన తెల్ల దారంలా గుడ్లు కనిపిస్తే పని సాగుతున్నట్లే. స్లగ్గులు లోపలికి లాగబడకుండా పంపు నోటికి స్పాంజి తొడగడం మరిచిపోకూడదు. ఫలితానికి నెలలు పట్టవచ్చు. ఐప్టేసియా అయిపోతే అవి ఆకలితో చస్తాయి కాబట్టి, అవసరమున్న మరొకరికి అందించండి. చేతుల మొనలు ఉబ్బి ఉండే మజానో అనే మరో రకం ఎనిమోన్లను మాత్రం బెర్గియా ముట్టదు.

అపోహ: రాళ్లను మరిగిస్తే అన్నీ చస్తాయి.

వాస్తవం: దయచేసి ఎప్పుడూ అలా చేయకండి. రాతి మీద పాలిథోవా అనే ఎనిమోన్ లాంటి జీవి ఉంటే దానిలోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఇలా ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి.

అపోహ: సముద్రం నుంచి వచ్చిందే కదా, తీసేసిన నాచును సముద్రంలోనే పారేయవచ్చు.

వాస్తవం: విశాఖ లాంటి తీర నగరాల్లో ఈ మాట తరచుగా వింటాను. 2000లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ దగ్గర ఒక ఉప్పునీటి మడుగులో అక్వేరియం రకం కాలెర్పా టాక్సిఫోలియా బయటపడింది. దానిపై టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ వేసి చంపారు. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 వరకు ఆగవలసి వచ్చింది. తీసిన నాచును ఎండలో పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయండి, కడిగిన నీటిలో బ్లీచింగ్ కలిపి ఒక రాత్రి ఉంచాకే మురుగు కాలువలో పోయండి.