చర్చి తలుపు మీద కాగితం

బంగారాలూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు, "తాతయ్యా, కూలిపోయిన ఇళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకెళ్ళారు?" అని అడిగాడు కదా. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మేం వెళ్ళింది ఇంగ్లండులో దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న డోర్సెట్‌కి. అక్కడ టైనమ్ అని ఒక ఊరుంది. ఊరు అంటున్నాను గానీ ఎనభై ఏళ్ళు దాటింది, అక్కడ ఎవరూ ఉండటం లేదు.

1943 నవంబరు. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. పక్కనే సైన్యం కాల్పులు ప్రాక్టీసు చేసే మైదానం ఉంది, అది చాల్లేదు. నెల రోజుల్లో ఊరు ఖాళీ చేయమని ఇంటింటికీ ఉత్తరాలు పంపారు. క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, ఆ ఊరూ చుట్టుపక్కలా కలిపి 225 మంది దాకా సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు చర్చి తలుపు మీద ఒక కాగితం పెట్టారు. అందులో ఏముందో నా మాటల్లో చెప్తాను: "చర్చినీ ఇళ్ళనీ జాగ్రత్తగా చూసుకోండి. మనుషులు స్వేచ్ఛగా బతకాలని జరిగే యుద్ధం గెలవడం కోసం, తరతరాలుగా ఉన్న ఇళ్ళు వదిలి వెళ్తున్నాం. ఏదో ఒకరోజు తిరిగొస్తాం. మా ఊరిని దయగా చూసుకుంటున్నందుకు మీకు ధన్యవాదాలు."

వాళ్ళు తిరిగి రాలేదు. రానివ్వలేదు. యుద్ధం 1945లో అయిపోయింది, కానీ 1948లో ప్రభుత్వం ఆ భూమిని శాశ్వతంగా సైన్యానికే ఉంచేసుకుంది. నాకు బాగా బాధ కలిగించింది ఇంకోటి. ఆ ఇళ్ళు చాలామటుకు భూస్వామివి, ఊళ్ళో వాళ్ళు అద్దెకున్నవాళ్ళు. అందుకని వాళ్ళకు దక్కిన పరిహారం పెరట్లో ఉన్న కూరగాయల ఖరీదు మాత్రమే. పుట్టి పెరిగిన ఇంటికి లెక్కకట్టి ఇచ్చింది అంతే! ఇది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

ఇళ్ళకు పైకప్పుల్లేవు. గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఒక ఇంట్లో పొయ్యి గూడు అలాగే ఉంది, పక్కన గోడ సందుల్లోంచి గడ్డి మొలిచింది. బడి మాత్రం బాగుచేసి పెట్టారు. పిల్లలు తగ్గిపోయి అది 1932లోనే మూతపడిందట, ఇప్పుడు పాతకాలంలో ఉన్నట్టే సర్ది ఉంచారు. లోపల కోట్లు తగిలించుకునే కొక్కేల దగ్గర పిల్లల పేర్లున్నాయి. నేను ఒక్కో పేరూ మెల్లగా చదువుకుంటూ నిలబడిపోయాను. పెద్దనాన్న వచ్చి భుజం తడితే గానీ కదల్లేదు.

అక్కడికి దగ్గర్లోనే కార్ఫ్ కోట ఉంది. దాన్ని ఏ వానలూ పడగొట్టలేదు, మనుషులే పేల్చేశారు. 1640లలో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగినప్పుడు, భర్త లేని సమయంలో మేరీ బ్యాంక్స్ అనే ఆవిడ ఆ కోటను కాపాడింది. చివరికి 1646లో లోపలివాళ్ళే ద్రోహం చేస్తే కోట పడిపోయింది. మళ్ళీ ఎవరికీ పనికి రాకూడదని పార్లమెంటు వాళ్ళు మందుగుండు పెట్టి కూల్చారు. దాని రాళ్ళు కింద ఊళ్ళో ఇళ్ళ గోడల్లోకి చేరాయి.

ఇక సముద్రం. లల్‌వర్త్ దగ్గర తీరం గుర్రపు నాడాలా వంగి ఉంటుంది. ఎందుకంటే ముందువైపు గట్టి సున్నపురాయి, దాని వెనక మెత్తటి మట్టి. గట్టి రాతిలో ఒకచోట సందు దొరగ్గానే నీళ్ళు లోపలికొచ్చి ఆ మట్టిని గబగబా తినేశాయి. వెనకాల సుద్దరాయి కొండ అడ్డం వచ్చేసరికి జోరు తగ్గింది. కొంచెం అవతల డర్డల్ డోర్ అని, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి ద్వారం ఉంది. అలలు రాయిని తొలిచి చేసిన గుమ్మం అది. ఈ తీరం రాళ్ళలో దాదాపు 18.5 కోట్ల ఏళ్ళ చరిత్ర ఉందని 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

టైనమ్‌లో సైన్యం ఇప్పటికీ కాల్పులు ప్రాక్టీసు చేస్తుంది. ఎర్రజెండా ఎగిరితే లోపలికి వెళ్ళకూడదు. జెండా లేకపోయినా పేలని గుండ్లుంటాయి కాబట్టి పసుపు గుర్తులున్న దారి దాటకూడదు. చాలా శని ఆదివారాల్లో, ఆగస్టులో తెరిచి ఉంచుతారు. మీ వేసవి సెలవులు అప్పటికి అయిపోతాయి, అయినా అమ్మను అడిగి చూస్తాను. మీరొస్తే ముందు ఆ బడికే తీసుకెళ్తాను. కొక్కేల దగ్గర పేర్లు మీరు పైకి చదవాలి, నేను వింటాను.

మీ తాతయ్య