మొదటి ప్రపంచ యుద్ధం: బిట్ పేపర్‌లో పట్టని సంగతులు

వాల్యుయేషన్ క్యాంపులో కూర్చుంటే రోజుకి ముప్ఫై, నలభై పేపర్లు దిద్దాలి. మొదటి ప్రపంచ యుద్ధం ప్రశ్న వచ్చిన ఏడాది మూడో పేపరు నుంచే కళ్ళు మూసుకుని చదివేయొచ్చు. రహస్య ఒప్పందాలు, సైనికవాదం, సామ్రాజ్యవాదం, జాతీయవాదం, చివర్లో స్కెచ్ పెన్నుతో గీత గీసి మరీ 'తక్షణ కారణం: సెరాయెవో హత్య'. కీ ప్రకారం మార్కులు వేయాలి, వేస్తాను. కానీ ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి ఈ పాఠం చెబుతున్నవాణ్ణి, ఆ జవాబులో ఒక్క మనిషీ కనిపించడు. వాన కురిసినట్టు యుద్ధం దానంతటదే కురిసింది అన్నట్టు రాస్తారు. తరగతిలోనూ, గ్రూప్స్‌కి చదివే పిల్లల దగ్గరా, అప్పుడప్పుడూ పెళ్ళిభోజనాల్లోనూ నాకు పదేపదే వినపడే మాటలు ఇవి.

అపోహ: సెరాయెవోలో తూటా పేలింది, యుద్ధం మొదలైంది.

ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న బోస్నియా రాజధాని సెరాయెవోలో తూటా పేలింది 1914 జూన్ 28, ఆదివారం. బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. మధ్యలో 37 రోజులు. నన్నడిగితే పాఠమంతా ఆ 37 రోజుల్లోనే ఉంది. పిల్లలేమో ఒక్క కామాతో దాటేస్తారు.

చనిపోయిన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆస్ట్రియా-హంగరీ సింహాసనానికి వారసుడు. సైన్యాధిపతి కొన్రాడ్ అంతకుముందు ఏడాది కాలంలోనే పాతికసార్లు సెర్బియా మీదికి వెళ్దామన్నాడు. వద్దని అడ్డుపడుతూ వచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఈ వారసుడే. గావ్రిలో ప్రిన్సిప్ అనే పంతొమ్మిదేళ్ళ బోస్నియా సెర్బు కుర్రాడు కాల్చింది సరిగ్గా ఆ మనిషినే.

హత్య వెనక సెర్బియా ఉందని ఆస్ట్రియా అనుకుంది. అయినా ఆస్ట్రియా రాజధాని వియన్నా వెంటనే కదల్లేదు. ఎందుకో చెబితే పల్లెటూరి పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. అది కోతల కాలం. ఆస్ట్రియా సైనికులు చాలామంది పంట సెలవు మీద ఊళ్ళకి వెళ్ళి ఉన్నారు. వాళ్ళని వెనక్కి పిలిస్తే కోత ఆగిపోతుంది, లోకమంతటికీ సంగతి తెలిసిపోతుంది. పైగా హంగరీ ప్రధాని టీసా జులై 14 దాకా ఒప్పుకోలేదు. ఇంకోపక్క ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయంకారే అప్పుడు, సెర్బియాకి దన్నుగా ఉన్న రష్యా రాజధానిలో అతిథిగా ఉన్నాడు. మిత్రులిద్దరూ ఒకేచోట ఉండగా కాగితం పంపితే అక్కడికక్కడే మాట్లాడేసుకుంటారు. అందుకని ఆయన తిరుగు ప్రయాణమయ్యేదాకా ఆగి, జులై 23 సాయంత్రం ఆరు గంటలకి సెర్బియా చేతిలో అల్టిమేటం, అంటే గడువు పెట్టిన ఆఖరి హెచ్చరిక, పెట్టారు. గడువు 48 గంటలు. 'మీరేం చేసినా మీ వెనక మేమున్నాం' అని జర్మనీ జులై 5, 6 తేదీల్లోనే మాటిచ్చేసింది. పుస్తకాల్లో ఖాళీ చెక్కు అని రాసేది దాన్నే.

పెళ్ళికి చూసినట్టు ముహూర్తం చూసి పంపిన కాగితం అది. దాన్ని పట్టుకుని 'అనుకోకుండా అంటుకున్న నిప్పురవ్వ' అంటే నా మనసు ఒప్పదు.

ఇంకో చిన్న మాట. ప్రిన్సిప్ శాండ్‌విచ్ కొనుక్కుని బయటికొస్తుంటే కారు ఎదురుపడిందని యూట్యూబ్‌లో ఒక కథ తిరుగుతోంది. ఆనాటి సాక్ష్యాల్లో, విచారణలో ఎక్కడా శాండ్‌విచ్ లేదు. పొద్దున్న ఒకడు విసిరిన బాంబు గురి తప్పింది. గాయపడ్డవాళ్ళని ఆస్పత్రిలో చూసొద్దామని వారసుడు దారి మార్చుకున్నాడు, ఆ సంగతి డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు. డ్రైవరు పాత దారిలోకి తిప్పి, తప్పని తెలిసి ఆపాడు. ఆపిన చోట ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. ఇరవై నిండలేదని అతనికి ఉరి వేయలేదు. 1918 ఏప్రిల్‌లో జైల్లోనే క్షయతో పోయాడు.

అపోహ: ఒప్పందాలున్నాయి కాబట్టి ఒకరి వెనక ఒకరు దిగక తప్పలేదు.

ఇటలీ సంగతేమిటి మరి? జర్మనీ, ఆస్ట్రియాలతో కలిసి త్రైపాక్షిక కూటమిలో ఉన్న దేశమది. 1914లో 'మాకు సంబంధం లేదు' అని కూర్చుంది, 1915 మే నెలలో అవతలి పక్షాన చేరి ఆస్ట్రియా మీదే యుద్ధం ప్రకటించింది. రుమేనియా కూడా అంతే, 1916లో. సంతకం పెట్టిన చేత్తోనే దులిపేసుకున్నారు. బ్రిటన్‌కైతే ఫ్రాన్స్ తరఫున పోరాడి తీరాలన్న ఒప్పందమే లేదు. బెల్జియం తటస్థతకి 1839లో ఇచ్చిన పూచీ ఒకటుంది, మంత్రివర్గం నిట్టనిలువునా చీలి ఉంది. జర్మన్ సైన్యం బెల్జియంలో కాలుపెట్టాకే ఊగిసలాటలో ఉన్న మంత్రులు చాలామంది ఒకవైపు మొగ్గారు.

అపోహ: అన్నదమ్ముల గొడవ.

జర్మనీ కైజర్ (చక్రవర్తి) విల్‌హెల్మ్, బ్రిటన్ రాజు జార్జ్ ఇద్దరూ విక్టోరియా రాణి మనవలు. జార్జ్ తల్లి, రష్యా జార్ నికొలస్ తల్లి అక్కాచెల్లెళ్ళు. చుట్టరికం నిజమే. అయితే జులై చివర్లో విల్‌హెల్మ్, నికొలస్ 'విల్లీ', 'నికీ' అని ముద్దుపేర్లతో సంతకాలు చేసుకుంటూ టెలిగ్రాములు పంపుకున్నారు, యుద్ధం ఆపే దారి వెతుకుదామని. రక్తసంబంధం యుద్ధం తేలేదు, ఆపనూ లేదు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

అపోహ: రైళ్ళ టైమ్‌టేబుల్ కదిలాక ఎవరి చేతిలోనూ లేదు.

ఇది కొంచెం చదువుకున్నవాళ్ళ అపోహ, కాబట్టి కాస్త గౌరవంగా మాట్లాడాలి. ఇందులో నిజం పాలు ఉంది. ఆగస్టు మొదటి పక్షంలో కొలోన్ దగ్గర రైన్ నది వంతెన మీద పది నిమిషాలకో సైనిక రైలు పడమటి వైపు దాటింది. రైళ్ళు లేకపోతే లక్షలమందిని అంత వేగంగా సరిహద్దుకి చేర్చడం అసాధ్యం.

ఆగస్టు 1 సాయంత్రం లండన్ నుంచి వచ్చిన ఒక టెలిగ్రాము చూసి, ఫ్రాన్స్ జోలికి వెళ్ళకపోతే బ్రిటన్ ఊరుకుంటుందని కైజర్ ఆశపడ్డాడు. సేనాధిపతి మోల్ట్‌కేని పిలిచి 'సైన్యమంతా తూర్పుకి తిప్పు' అన్నాడు. కుదరదన్నాడు మోల్ట్‌కే. ఏళ్ళ తరబడి వేసిన ఏర్పాటు అది, తిప్పితే సైన్యం కాదు, తిండీతిప్పలూ లేని గుంపు మిగులుతుందని. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏడ్చానని తర్వాత తనే రాసుకున్నాడు. ఆ టెలిగ్రాము అర్థం వేరని రాత్రికే తేలిపోయింది. కథ అక్కడితో ఆగలేదు. యుద్ధం తర్వాత, జర్మన్ సైనిక రైల్వే విభాగానికి అధిపతిగా పనిచేసినవాడే, సైన్యంలో అధిక భాగాన్ని తూర్పుకి తిప్పగలిగేవాళ్ళమేనని లెక్కలు కట్టి చూపించాడు. రైలు పట్టాలకి మొండితనం ఉండదు. ఒకే ఒక్క పథకం తయారుచేసుకుని, రెండోది పక్కన పడేసిన వాళ్ళకే ఉంటుంది.

అపోహ: మెషిన్ గన్లే ఎక్కువమందిని చంపాయి.

సినిమాల పుణ్యం. అసలు హంతకురాలు ఫిరంగి. మరణాల్లో, గాయాల్లో సగానికి పైగా ఫిరంగి గుళ్ళ వల్లనే. ఎదుటివాడు కంటికి కనపడడు, కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటాడు.

ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర జరిగిన యుద్ధం ఒకటుంది, నేను ప్రతి ఏడాదీ ఒక పీరియడ్ పూర్తిగా దానికే ఇస్తాను. 1916 జూన్ చివరి వారమంతా బ్రిటిష్ ఫిరంగులు సుమారు 15 లక్షల గుళ్ళు కురిపించాయి. అవతల ఇక చీమ కూడా మిగలదనుకున్నారు. జులై 1 పొద్దున్న ఏడున్నరకి సైనికులు కందకాల్లోంచి పైకి లేచారు. ఆ ఒక్కరోజే బ్రిటిష్ వైపు 57,470 మంది నేలకొరిగారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. అందులో చనిపోయినవాళ్ళు 19,240. ఏమైంది? గుళ్ళలో ఎక్కువ భాగం గాల్లో పేలి ఇనుప పలుకులు చిమ్మే రకం. నేలమీద ఉన్న మనిషికి చావు తప్పదు గానీ, ముప్ఫై అడుగుల లోతున తవ్వుకున్న సుద్దరాతి గదిలో ఉన్న జర్మన్‌ని అవేం చేస్తాయి? దానికి తోడు హడావుడిగా తయారైన గుళ్ళు చాలా పేలనే లేదు. కొత్త ఫ్యాక్టరీలు, కొత్త పనివాళ్ళు, నాసిరకం ఫ్యూజులు. ఫ్రాన్స్, బెల్జియం రైతులకి దుక్కి దున్నుతుంటే ఆ గుళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి. పొలం గట్టున తీసిపెడితే సైన్యం వచ్చి పట్టుకెళ్తుంది.

అపోహ: ఇది పూర్తిగా యంత్రాల యుద్ధం.

పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను. బ్రిటన్ ఓడల్లో ఫ్రాన్స్‌కి పంపిన సరుకుల్లో ఏది ఎక్కువ బరువు తూగింది? ట్యాంకులంటారు, తుపాకులంటారు, బాంబులంటారు. జవాబు: గడ్డి. గడ్డీ, ఓట్స్ గింజలూ కలిపి 54 లక్షల టన్నులు. మందుగుండు 52 లక్షల టన్నులు. రైలు స్టేషన్ దాకానే తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి బురదలో ఫిరంగిని, గుళ్ళ పెట్టెల్ని, రొట్టెల్ని లాగేది గుర్రాలూ కంచరగాడిదలే. వాటికి పూటకి ఇంతని మేత కావాలి. ఎడ్లబండి తోలినవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఇది విని నవ్వుకుంటారు, 'మేత లేకుండా ఏ బండి కదిలింది సార్' అని.

ట్యాంకుల మాటా చెప్పాలి. 1916 సెప్టెంబరు 15న మొదటిసారి దిగాయి, చాలా ట్యాంకులు దారిలోనే చెడిపోయాయి. 1918 ఆగస్టు 8న ఆమియాన్ దగ్గర నాలుగు వందలకి పైగా నడిపారు. ఐదో రోజుకి పని చేస్తున్నవి ఆరు.

అపోహ: నాలుగేళ్ళూ కందకంలోనే, సేనానులు మాత్రం భవంతుల్లో.

ముందువరస కందకంలో కొన్ని రోజులు, ఆ వెనక వరసలో కొన్ని రోజులు, తర్వాత ఊళ్ళో విశ్రాంతి. ఇలా వంతులు మారేవి. విశ్రాంతి అంటే గోతులు తవ్వడం, మూటలు మోయడం అనుకోండి, అది వేరే సంగతి. బ్రిటిష్ సైన్యంలో చేరినవాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది తిరిగొచ్చారు. బ్రిటిష్ జనరళ్ళు 70 మందికి పైగా ఈ యుద్ధంలో చనిపోయారు. వాళ్ళ తప్పులు తక్కువని కాదు. వైర్‌లెస్ చేతికందని కాలం, టెలిఫోన్ తీగ మొదటి గుండుకే తెగేది, దాడి మొదలయ్యాక ఎవరెక్కడున్నారో జనరల్‌కి గంటల తరబడి తెలిసేది కాదు. విషవాయువు గురించి కూడా ఒక మాట: భయం ఎక్కువ, మొత్తం మరణాల్లో దాని వాటా నూటికి ఒకటి రెండు. 1915 సెప్టెంబరులో లూస్ దగ్గర బ్రిటిష్‌వాళ్ళు వదిలిన వాయువు గాలి తిరిగి వాళ్ళ మీదికే వచ్చింది.

అపోహ: జర్మనీ ఓడిపోలేదు, ఇంటివాళ్ళే వెన్నుపోటు పొడిచారు.

చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజమేమంటే, 1918 సెప్టెంబరు 29న, సైన్యాన్ని నడిపిస్తున్న లూడెన్‌డార్ఫే 'వెంటనే కాల్పుల విరమణ అడగండి' అని ప్రభుత్వాన్ని తొందరపెట్టాడు. విప్లవం వచ్చింది నవంబరులో. నవంబరు 11న సంతకం పెట్టాల్సిన వేళకి సేనాధిపతులు పక్కకి తప్పుకుని, పౌర నాయకుణ్ణి ముందుకి తోశారు. ఆ తర్వాత వెన్నుపోటు కథని అందరికంటే గట్టిగా ప్రచారం చేసినవాళ్ళలో లూడెన్‌డార్ఫ్ ఒకడు.

అపోహ: మనకేం సంబంధం?

ఇండియా గేట్ స్వాతంత్ర్య సమరయోధుల గుర్తని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది ఈ యుద్ధంలోనూ, ఆ వెంటనే జరిగిన అఫ్ఘాన్ యుద్ధంలోనూ పోయిన బ్రిటిష్ ఇండియా సైనికుల స్మారకం. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్విక దళాలవి. 1918 సెప్టెంబరు 23న, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా పట్టణం మీదికి ఈటెలతో దూసుకెళ్ళినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. హైదరాబాద్ దళం ఆ రోజు యుద్ధఖైదీల కాపలాలో ఉంది. వాట్సాప్‌లో మనవాళ్ళే కోట పట్టినట్టు తిరుగుతుంటుంది. ఖైదీల కాపలా కూడా యుద్ధంలో పనే, దాచుకోవాల్సిన అవసరమేమీ లేదు.

చెన్నపట్నం మీద ఎమ్‌డెన్ అనే జర్మన్ ఓడ గుళ్ళు కురిపించింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి, జనం మూటాముల్లె సర్దుకుని ఊరు ఖాళీ చేశారు. ఇది చెప్పిన రోజున ఒకమ్మాయి లేచి, 'మా తాతమ్మ కూడా ఆ యుద్ధంలో విశాఖపట్నం నుంచి పారిపోయింది సార్' అంది. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న అమ్మా, వేసింది జపాన్ విమానాలు, అది రెండో యుద్ధం అన్నాను. నమ్మలేదు. మర్నాడు ఇంట్లో కనుక్కుని వచ్చింది. మొదటి యుద్ధం ముగిసిన ఏడేళ్ళకి గానీ వాళ్ళ తాతమ్మ పుట్టనే లేదట.